కొండపై సైకిలు బాట

కొండబాటలలో సైకిలు తొక్కుట 1970ల దశకమున కాలిఫోర్నియా తీరపు కొండలలో క్రీడగా రూపొందినది. విశాఖ చెంత కంబాలకొండ అడవిలోనైనను, మా పెండ్లిమర్రి పరిసరపు గుట్టలలోనైనను, అటవీశాఖ అనుమతితో యువకులు దీనిని కోరుట తప్పుగాదు. పుస్తకములలో చదివిన అడవిని వారు కనులార చూతురు. కాని బాట వేయు తీరు తెలియవలెను. వాలు వెంట తిన్నగా దింపిన బాట వానకు వాగై పోవును. చక్రములు వదులుచేసిన మన్నును నీరు కొనిపోవును. కొండ నడుము చుట్టి, పల్లపు వైపునకు రవంత ఒరిగించిన బాటపై నీరు నిలువక, పారక, ప్రక్కకు జారును. మా సీమలో కురియునది కొద్దివానయే. కాని పోయిన మన్ను తిరిగిరాదు. కాబట్టి ఉపాధ్యాయులు సైకిలెక్కించుటకు ముందు విద్యార్థులను ఒక వానకాలము గుట్టపై నడిపించి, నీరు పోవు త్రోవను చూపవలెను. నీటిత్రోవ నెరిగినవాడే బాట వేయుటకు అర్హుడు.