ఇప్పచెట్టును ఎందుకు కొట్టలేదు?

సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ వెళ్లే రైలెక్కితే, మంచిర్యాల దాటాక కిటికీ బయట సీన్ మారిపోతుంది. కొండలు, టేకు, అక్కడక్కడా ఇప్పచెట్లు. ఆదివాసీలు అడవిని నరుకుతారు, సర్కారు కాపాడుతుంది అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

కానీ పాత పద్ధతి చూడండి. కొలాములు, కోయలు, కొండరెడ్లు పోడు కొట్టేటప్పుడు ఇప్ప, మామిడి, చింత లాంటి చెట్లను వదిలేసేవాళ్లు. రెండు మూడేళ్లు జొన్న, సామ పండించి, ఆ నేలను వదిలి ఇంకోచోటికి పోయేవాళ్లు. అక్కడ అడవి మళ్లీ లేచేది. మామిడి పండుగ చేయకుండా కోయలు కొత్త మామిడికాయ ముట్టరు. మనం దీన్ని ఆచారం అంటాం. నాకైతే పిందెలన్నీ ముందే దులిపేయకుండా ఊరంతా పెట్టుకున్న రూల్ అనిపిస్తుంది. గార్డు లేడు, ఫైన్ లేదు, అయినా నడిచింది. ఎందుకంటే చెట్టు పోతే తిండి పోయేది వాళ్లకే.

తర్వాత రైలు పట్టాలకు కలప కావాల్సి వచ్చింది. 1864లో బ్రిటిష్‌వాళ్లు అటవీశాఖ పెట్టారు, 1878 చట్టంతో రిజర్వు అడవులకు గీతలు గీశారు. నిజాం రాజ్యమూ అదే దారి పట్టింది. విశ్రాంతి కోసం వదిలిన పోడు నేల కాగితం మీద సర్కారు అడవి అయిపోయింది. మిగిలిన కాస్త నేలనే మళ్లీ మళ్లీ దున్నాల్సి వచ్చింది. నేల చెడింది, నింద పోడు మీద పడింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఈ హక్కు కోసమే. ఆ తర్వాతే గోండుల కష్టాలేంటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది.

పాతకాలమంతా బంగారం అనను. జనం తక్కువ, నేల ఎక్కువ ఉన్నప్పుడే ఆ పోడు సాగింది. ఇప్పుడు అది అలాగే తిరిగి రాదు. కానీ వాడుకునేవాళ్లకే కాపాడే బాధ్యత ఇవ్వడం అనే పద్ధతి రావచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి అడవిని కాపాడే హక్కు గ్రామసభకు ఇచ్చింది. మనం మాత్రం పోడు పట్టాల గొడవ దగ్గరే ఆగిపోతాం. నా దృష్టిలో ఆ ఉమ్మడి హక్కే అసలు సంగతి.

పోయిన జూలైలో మా హాస్టల్ వెనక మేమంతా మొక్కలు నాటాం, ఫొటోలు దిగాం. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేసరికి చాలావరకు ఎండిపోయాయి. అవి ఎవరివో ఎవరికీ తెలీదు మరి. ఈసారి నేరేడు, జామ నాటుదాం. ఫ్లోర్‌కు రెండు చెట్లు. నీళ్లు పోసిన ఫ్లోర్‌కే కాయలు, అది కూడా పండాకే. ఒప్పుకుంటారా?