బెంగళూరు గాలికి నలభై చాలదు

ట్రైనర్ విమానానికి ఏ ఇంజను కొనాలన్న మాట వస్తే మా ఇళ్లల్లో చెన్నై వాళ్లొక పక్క, బెంగళూరు వాళ్లొక పక్క అయిపోతారు. చెన్నై చిన్నాయన మాట ఎప్పుడూ ఒకటే: "నలభై సైజు విమానానికి నలభై ఇంజను. అంతే." ఆయన ఎన్నో ఏళ్లుగా రిమోటు విమానాలు ఎగరేస్తున్న మనిషి. ఆయన్ని కాదనాలంటే మాకూ కొంచెం ఇబ్బందే. అయినా ఈ ఒక్క విషయంలో కాదంటున్నాం. బెంగళూరులో ఎగరెయ్యడం నేర్చుకునే పిల్లలకు 46 కొనియ్యండి. 40 వద్దు. 60 అసలే వద్దు.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఈ అంకెలు ఘనపు అంగుళంలో వందో వంతుల లెక్క. 40 అంటే సుమారు 6.5 సీసీ, 46 అంటే 7.5, 61 అంటే 10 సీసీ. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి అయిదడుగుల పైచిలుకు, బరువు రెండున్నర కిలోలకు అటూ ఇటూ ఉండేదాన్ని నలభై సైజు ట్రైనర్ అంటారు. పెట్టె మీద చాలావరకు 40 నుంచి 46 అని రాసుంటుంది. గొడవంతా ఆ రెండంకెల మధ్యే.

చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. మన బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ గాలి సాంద్రత అక్కడికన్నా 8, 9 శాతం తక్కువ. ఇంజను పీల్చే గాలి తగ్గితే దానికి తగ్గట్టు నీడిల్ బిగించి ఇంధనమూ తగ్గించాలి, శక్తీ ఆ మేరకు పడిపోతుంది. లెక్క వేసుకోండి: అక్కడి 40 ఇక్కడికొస్తే 36, 37 అవుతుంది. 46 వస్తే 42. చిన్నాయన చెన్నైలో అనుభవించే నలభై మనకిక్కడ కావాలంటే 46 కొనాల్సిందే. ఆయన సూత్రం సరైనదే, అది సముద్రం ఒడ్డు సూత్రం. పైగా పలచటి గాలిలో రెక్కకు కూడా పట్టు తక్కువ. అదే బరువు లేపడానికి వేగం నాలుగైదు శాతం ఎక్కువ కావాలి. అంటే నీరసించిన ఇంజనే ఎక్కువ పరుగు తియ్యాలి.

40తో కూడా లేస్తుంది కదా అంటారు. లేస్తుంది, నున్నటి తారు ఉంటే. పిల్లలు ఎగరేసేది గడ్డిలో, ఎండిన చెరువుల గరుకు నేల మీద. అది అలా ఉంచండి, అసలు అవసరం దిగేటప్పుడు వస్తుంది. నేర్చుకునేవాడు నాలుగుసార్లకు మూడుసార్లు దూరం తప్పుతాడు. విమానం మెల్లగా, తక్కువ ఎత్తులో, ముక్కు పైకెత్తుకుని ఉంటుంది, ఎదురుగా చెట్లు. అప్పుడు థ్రాటిల్ తోస్తే వెంటనే పైకి లాగాలి. అరక్షణం తటపటాయిస్తే రెక్క పట్టు వదిలేస్తుంది. నెలలు కూర్చుని అతికించిన బాల్సా చెక్కలు సంచిలో ఇంటికొస్తాయి, చాలామంది పిల్లలు ఆ సంచితోనే ఈ సరదా మానేస్తారు. మాకు బాధ అక్కడే.

మరి శక్తే కావాలంటే 60 పెడితే పోలా అని మా మేనల్లుడు అడిగాడు. పోదు నాయనా. అది మఫ్లర్‌తో కలిపి పావుకిలోకి అటూ ఇటూ ఎక్కువ తూగుతుంది. ముక్కు బరువెక్కితే తోకలో సీసం కట్టాలి, ఆ బరువుకి దిగే వేగమూ పెరుగుతుంది. ఇంకొకటి, ట్రైనర్ రెక్క అడుగున చదునుగా ఉంటుంది. వేగం పెరిగిన కొద్దీ అది తనంతట తానే ముక్కెత్తి పైకి పోతుంది. కంగారు పడ్డ పిల్లవాడు ఫుల్ థ్రాటిల్ ఇస్తే 46తో ఓర్చుకోవచ్చు, 60తో పట్టుకోలేం. గంటకు వంద కిలోమీటర్ల మీద రెండు సెకన్లు ఆలోచిస్తే యాభై మీటర్ల పైనే దాటిపోతుంది. ఆ దారిలో మనుషులూ ఉండొచ్చు. 25 సైజు చవకే గానీ ఆషాఢం గాలికి ఆ చిన్న విమానం నిలవదు.

ఇంధనం సంగతి కూడా ఇందులోనే ఉంది. నైట్రోమీథేన్ దొరక్క, దొరికినా ఖరీదు చూసి, మిథనాల్ నాలుగు పాళ్లు, ఆముదం ఒక పాలు కలిపి వాడేవాళ్లున్నారు. ఇంజను వేడెక్కినా ఆముదం దాన్ని కాపాడుతుంది, కాని నైట్రో లేనందుకు శక్తి ఇంకాస్త తగ్గుతుంది. 46 అనడానికి అదొక కారణం. గానుగ దగ్గర తెచ్చిన ఆముదం మాత్రం పొయ్యకండి, జిగురు తీసింది కావాలి. (మైదానం నుంచి వచ్చినవాళ్ల చొక్కా వాసన చూసి అమ్మమ్మ, "విరేచనాలకు పుచ్చుకున్నారా?" అనేది.) బ్యాటరీ మోటారు గాలి పీల్చదు గనక వాళ్లకు ఈ బాధ సగమే, రెక్క బాధ మాత్రం ఒకటే.

46కి 11 అంగుళాల వ్యాసం, 5 పిచ్ ప్రొపెల్లర్ పెట్టండి. పైవేగం తక్కువ, లాగుడు ఎక్కువ, దిగేటప్పుడు బ్రేకులా కూడా పనికొస్తుంది. కొన్ని కంపెనీల్లో 40కీ 46కీ మౌంటు రంధ్రాలు ఒకటే, కొనేముందు కొలిచి చూసుకోండి. వేలితో తిప్పి స్టార్ట్ చెయ్యనివ్వకండి, కర్రో స్టార్టరో వాడమనండి. ఇంట్లో ఇప్పటికే 40 ఉన్నవాళ్లు దాన్ని రెండు కిలోలు దాటని తేలిక విమానానికి బిగించుకోవచ్చు.