చిల్లర లెక్క, అమానతు పాఠం

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో పెరుగుతున్న మన పిల్లలు డబ్బు చేతులు మారడాన్ని అరుదుగా చూస్తున్నారు. కూరగాయల బండి వద్దనైనా, ఆటోలోనైనా తండ్రి ఫోను చూపుతాడు, చెల్లింపు పూర్తవుతుంది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత పుట్టిన బిడ్డకు ఖర్చు అంటే ఒక శబ్దమే. ఎంత తగ్గిందో, ఎంత మిగిలిందో కంటికి కనబడదు. అందుచేత ఈ నెల, నోట్ల లెక్కను పిల్లలకు నేర్పే తీరును ముచ్చటించదలిచాము.

మొదట నోట్లను పోల్చుకోనివ్వాలి. 10, 20, 50, 100, 200, 500 రూపాయల కొత్త నోట్లను వరుసగా పేర్చితే విలువతో పాటు పొడవూ పెరుగుతుంది: పది నోటు 123 మిల్లీమీటర్లు, అయిదు వందల నోటు 150. వెనుకవైపు 15 భాషల పట్టికలో చివరి రెండు పంక్తులు తెలుగు, ఉర్దూలే. మన ఇళ్లలో వినిపించే ఆ రెండు భాషలనూ పిల్లల చేత చదివించండి.

తరువాత కూడిక. పెద్ద నోటుతో మొదలుపెట్టి చిన్నవాటికి రావాలి. ఒక రెండు వందల నోటు, ఒక యాభై, మూడు ఇరవైలు ఉంటే: 200, 250, 270, 290, 310.

చిల్లరకు తీసివేత కన్నా పైకి లెక్కించడం సులువు. 340 రూపాయల సరుకులకు 500 ఇచ్చామనుకోండి. పది కలిపితే 350, యాభై కలిపితే 400, వంద కలిపితే 500. రావలసినది 160.

ఇది గణితంతో ముగిసే పాఠం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 83వ సూరా ‘ముతఫ్ఫిఫీన్’, తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని ఇతరులకిచ్చేటప్పుడు తగ్గించేవారిని తీవ్రంగా హెచ్చరిస్తుంది. దుకాణదారుడు పొరపాటున 260 ఇస్తే, ఆ అదనపు వంద అతని అమానతు. లెక్క రాని బిడ్డ ఎంత మంచి మనసు కలదైనా దానిని తిరిగి ఇవ్వలేదు. తన వద్ద పరుల సొమ్ము ఉన్నదనే దానికి తెలియదు.

దానమూ అంతే. ఫోను ద్వారా మనమిచ్చే సదఖా పిల్లలకు కనబడదు. వారానికి అయిదు పది రూపాయల నోట్లు వారి చేతికిచ్చి, సదఖా కోసం ఒకటి వారినే వేరుచేయనివ్వండి. కాస్త పెద్ద పిల్లలైతే నలభై పదులు పేర్పించి, ఒకటి పక్కన పెట్టించండి. నిసాబుకు చేరి, ఏడాది నిలిచిన ధనంపై జకాతు ఆ వంతేనని, అంటే నూటికి రెండున్నర అని చెప్పండి.

వచ్చే శుక్రవారం మస్జిదుకు బయలుదేరేటప్పుడు ఆ నోటు బిడ్డ జేబులోనే ఉండనివ్వండి. తాను లెక్కించి వేరుచేసినదానిని తన చేతితోనే ఇవ్వడం ఆ బిడ్డ నేర్చుకుంటుంది, ఇన్షా అల్లాహ్.