ఒర అమ్మే బల్ల, తుపాకీ అమ్మే బల్ల

అమెరికాలో తుపాకులకు సంతలున్నాయి. గన్ షోలంటారు. పశువుల ప్రదర్శనలకూ జాతరలకూ వాడే మైదానాల్ని, పెద్ద హాళ్ళని శని ఆదివారాలకు అద్దెకు తీసుకుని, వరసగా బల్లలు వేసి తుపాకులు, తూటాలు, కత్తులు, పాత సైనిక సామాను అమ్ముతారు. ఓక్లహామా రాష్ట్రం టల్సాలో ఏడాదికి రెండుసార్లు జరిగే సంతలో నాలుగు వేలకు పైగా బల్లలుంటాయి. తలుపు దగ్గర టికెట్టు. చాలాచోట్ల పెద్దవాళ్ళ వెంట వచ్చే చిన్నపిల్లలకు అదీ లేదు. తోపుడుబండిలో పసిబిడ్డతో తల్లి, భుజాన పిల్లవాణ్ణి ఎక్కించుకున్న తండ్రి బల్లబల్ల దగ్గరా ఆగుతూ పోతుంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు.

అది వాళ్ళ సంస్కృతి, మనకెందుకు అనేవాళ్ళున్నారు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్‌లో దుకాణాల సముదాయంలో జరిగిన కాల్పుల్లో చనిపోయిన ఎనిమిది మందిలో హైదరాబాదు నుంచి వెళ్ళిన యువ ఇంజనీరు ఒకామె ఉంది. మన పిల్లలు వెళ్ళి బతుకుతున్న దేశం అది. అంతకు మించి, స్త్రీ భద్రత పేరు చెప్పి ఒక సరుకు అమ్ముతున్నప్పుడు అది ఎక్కడ అమ్ముడైనా మన విషయమే.

ఈ సంతల్లో ఆడవాళ్ళ కోసమని పెట్టే సరుకు హోల్‌స్టర్లు, అంటే తుపాకీ పెట్టుకునే ఒరలు. నడుముకు చుట్టుకునేవి, తొడకు కట్టుకునేవి, బ్రాకి తగిలించుకునేవి, లోపల దొంగ అర ఉన్న హ్యాండ్‌బ్యాగులు. గులాబీ రంగులో కూడా దొరుకుతాయి. మగవాడికి బెల్టు చాలు. ఆడవాళ్ళ బట్టల్లో ఆ చోటు లేదు. (జేబుల్లేని బట్టలు కుట్టి, ఆ లోటు తీర్చడానికి మళ్ళీ బ్యాగులు అమ్మే మార్కెట్టు సంగతి ఇంకో వ్యాసం.) 1980లలో పిస్తోళ్ళ అమ్మకాలు తగ్గాక కంపెనీలు ఆడవాళ్ళ వైపు తిరిగాయి. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1989లో 'లేడీస్మిత్' అనే రివాల్వర్లను తెచ్చింది. తుపాకీ యజమానుల సంస్థ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1993లో స్త్రీల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు తెలుగులో చెప్పుకుంటే 'బాధితులం కాబోమని చెప్పండి' అని. ఈ భాష ఎవరిది? అత్యాచారాలకు వ్యతిరేకంగా, గృహహింసకు వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన స్త్రీలు సంపాదించుకున్న భాష. దాన్ని ఎత్తుకెళ్ళి సరుకు మీద అంటించారు.

ఆ అమ్మకంలో శత్రువు ఎప్పుడూ అపరిచితుడే. చీకట్లో కారు నిలిపే చోట పొంచి ఉన్నవాడు, తలుపు పగలగొట్టుకుని వచ్చేవాడు. తాళంచెవితో తలుపు తీసుకుని వచ్చేవాడి గురించి అక్కడ ఒక్క మాట ఉండదు. 1993లో ఆర్థర్ కెల్లర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే అవకాశం దాదాపు మూడు రెట్లని తేలింది. చంపినవాళ్ళు ఎక్కువగా ఇంటివాళ్ళో, దగ్గరివాళ్ళో. 2003లో జాక్వెలిన్ కాంప్‌బెల్ బృందం ఇంకా సూటిగా చెప్పింది: కొట్టే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లు. ఇంట్లో తుపాకీ ఆమె పేరు మీద ఉందా, అతని పేరు మీద ఉందా అన్నది గొడవ జరిగే రాత్రి ఎవరూ చూడరు. బలమైన చేతికి అది దొరుకుతుంది.

లేదంటే పసిచేతికి. 2014 డిసెంబరు 30న ఐడాహో రాష్ట్రం హేడెన్‌లో ఒక యువతి రెండేళ్ళ కొడుకును సామాన్ల బండిలో కూర్చోబెట్టుకుని బజారు చేస్తోంది. ఆమె అణు పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. తుపాకీ దాచుకోవడానికే చేసిన జిప్పు అర ఉన్న పర్సు ఆమెది, క్రిస్మస్‌కి భర్త ఇచ్చిన కానుక. పిల్లవాడు జిప్పు తీశాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆమెకు తుపాకీ వాడడం తెలుసు, లైసెన్సూ ఉంది. అయినా జనం అడిగింది 'తల్లి అజాగ్రత్తగా ఎలా ఉంది' అని. తల్లి భుజాన వేలాడే సంచి పసిబిడ్డకు ప్రపంచంలోకెల్లా తెలిసిన వస్తువు. బిస్కెట్లు, బొమ్మలు, చేతిగుడ్డ అందులోంచే వస్తాయి. అలాంటి సంచిలో తూటాలు నింపిన తుపాకీకి అర కుట్టి అమ్మినవాణ్ణి ఎవరూ అజాగ్రత్తపరుడనలేదు.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు. 2008 అక్టోబరు 26న మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫీల్డ్‌లో జరిగిన ఆయుధ ప్రదర్శనలో ఎనిమిదేళ్ళ పిల్లవాడి చేతికి ఊజీ మెషిన్‌గన్ ఇచ్చారు. పేలుస్తుంటే అది వెనక్కి తన్ని వాడి తలకే తగిలింది. పక్కనే తండ్రి వీడియో తీస్తున్నాడు. ప్రదర్శన నిర్వహించిన మాజీ పోలీసు అధికారిని 2011లో జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. 2013 ఏప్రిల్ 30న కెంటకీలో ఐదేళ్ళ పిల్లవాడు తనకు కానుకగా వచ్చిన రైఫిల్‌తో రెండేళ్ళ చెల్లెల్ని కాల్చాడు. బొమ్మ రైఫిల్ కాదు, పిల్లల చేతి కొలతకు తయారుచేసిన నిజమైన రైఫిల్. అబ్బాయిలకు నీలం, అమ్మాయిలకు గులాబీ. 2020 నుంచి ఆ దేశంలో ఏడాది దాటిన పిల్లలు, పంతొమ్మిదేళ్ళలోపు వాళ్ళ మరణాలకు మొదటి కారణం తుపాకీయే. రోడ్డు ప్రమాదాలు కూడా దాని తర్వాతే.

ఇప్పుడు అదే హాల్లో ఇంకో బల్ల దగ్గరికి వెళ్దాం. లైసెన్సున్న వ్యాపారి తుపాకీ అమ్మాలంటే కొనేవాడి నేరచరిత్ర విచారించాలి. 1993 నాటి బ్రేడీ చట్టం అది. కానీ ఆ చట్టం వ్యాపారికే. తన సొంత తుపాకులు అమ్ముకుంటున్నానని బల్ల వేసిన వ్యక్తికి కేంద్ర చట్టం ఆ బాధ్యత పెట్టలేదు. కొన్ని రాష్ట్రాలు మాత్రమే పెట్టాయి. 1998 చివర్లో డెన్వర్‌లో ఇలాంటి సంతకు ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళారు. వయసు చాలక పద్దెనిమిదేళ్ళ స్నేహితురాలిని వెంట తీసుకెళ్ళారు. ఆమె చేత మూడు తుపాకులు కొనిపించారు. 1999 ఏప్రిల్ 20న కొలంబైన్ స్కూల్లో ఆ తుపాకులతో పాటు ఇంకొకటి వాడి పన్నెండుమంది విద్యార్థులనూ, ఒక ఉపాధ్యాయుణ్ణీ చంపారు. విచారణ జరుగుతుందని తెలిస్తే కొని ఉండేదాన్ని కాదని ఆ అమ్మాయి తర్వాత చెప్పింది. 2000లో కొలరాడో ఓటర్లే ఆ సందును మూసేశారు.

భార్యను కొట్టిన నేరానికి శిక్షపడ్డవాడు తుపాకీ పెట్టుకోరాదని 1996లో అమెరికా చట్టం చేసింది. కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవాడికి 1994 నుంచే నిషేధం ఉంది, 2024లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడి సాధించినవి ఇవి. విచారణ అక్కర్లేని బల్ల ఒకటి ఉన్నంతకాలం ఇవి కాగితాలే. 2012 అక్టోబరులో విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో రక్షణ ఉత్తర్వు పడ్డ ఒక భర్త కొద్దిరోజుల్లోనే ఇంటర్నెట్ ప్రకటన చూసి, ఎవరో వ్యక్తి దగ్గర తుపాకీ కొన్నాడు. భార్యనూ, ఆమెతోపాటు మరో ఇద్దరు స్త్రీలనూ చంపాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అంటే ఒక బల్ల మీద ఆమెకు భయం చూపించి ఒర అమ్ముతారు, పక్క బల్ల మీద ఆమె భయానికి కారణమైనవాడికి ప్రశ్నల్లేకుండా తుపాకీ దొరుకుతుంది. సంత నిర్వాహకుడికి రెండు బల్లల అద్దె వస్తుంది.

పోలీసు స్టేషను ముప్పై మైళ్ళ దూరంలో ఉన్న పల్లెలో ఒంటరిగా బతికే స్త్రీ, తరతరాలుగా దాడుల్ని చూసిన నల్లజాతి స్త్రీ తుపాకీ కొనుక్కుంటే ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆమెను ఒంటరిగా వదిలేసిన రాజ్యాన్ని విడిచిపెట్టి ఆమె పర్సు వెతకడం ఏం స్త్రీవాదం? నా పేచీ ఆమె నిస్సహాయతను 'సాధికారత' అని పేరు మార్చి ధర కట్టినవాళ్ళతో.

ఆ ధర మన దగ్గరా కట్టారు. 2014 జనవరిలో కాన్పూరు ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వర్‌ను మహిళల కోసమంటూ విడుదల చేసింది. ఢిల్లీలో చనిపోయిన ఆ పిల్ల పేరును తలపించే పేరు. అర కిలో బరువు, నగల పెట్టెలాంటి పెట్టె, లక్షా ఇరవై వేలకు పైగా ధర. ఏ బస్సెక్కే ఆడపిల్ల కొంటుంది దాన్ని? బస్సు నడపాల్సిన ప్రభుత్వం, వీధిలో దీపం వెలిగించాల్సిన ప్రభుత్వం రివాల్వర్ అమ్మి చేతులు దులుపుకోవచ్చునన్నమాట. ఘోరం జరిగిన ప్రతిసారీ మన సభల్లోనూ 'ఆడవాళ్ళకు లైసెన్సులివ్వండి' అని ఎవరో ఒకరు లేస్తారు, చప్పట్లూ పడతాయి.

గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నియమాల్లో, హింసకు వాడిన ఆయుధాన్ని పోలీసుల సాయంతో స్వాధీనం చేసుకునే పని ప్రొటెక్షన్ ఆఫీసరుకు అప్పగించారు. కత్తయినా, గొడ్డలయినా, లైసెన్సు తుపాకీ అయినా. మీ జిల్లాలో ఆ అధికారి ఇప్పటిదాకా ఎన్ని ఇళ్ళలోంచి ఎన్ని ఆయుధాలు తెచ్చారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. కేసు వివరాలు రాసేటప్పుడు 'ఇంట్లో ఆయుధం ఉందా, ఎవరి చేతికి అందుతుంది, పిల్లలకు అందుతుందా' అన్న ప్రశ్నల్ని మీ ఫారాల్లో చేర్చండి. జవాబులు ఈ పత్రికకు పంపండి, వచ్చే సంచికల్లో వేద్దాం.