ఇంటి చరిత్రమును వ్రాయవలసిన దెవరు?

ఆదివారమునాడు అబిడ్సు బాటప్రక్కల పరచు పాతపుస్తకములలో ఆన్ ఫ్రాంక్ దినచర్య కన్పట్టుచుండును. జర్మనీ నాజీలు అరువదిలక్షలమంది యూదులను చంపిన కాలమున, దాగియుండి ఒక బాలిక వ్రాసిన పుస్తక మది. దానిని చదివి కంటతడి పెట్టని సోదరి యుండదు. కాని మన యింటి అవ్వ 1948లో ఎచ్చట తలదాచుకొనెనో మనలో ఎందరికి తెలియును?

నాజీల సంహారమునుండి బ్రతికి బయటపడినవారిలో అనేకులు చాలకాలము నోరు విప్పలేదు. వారి బిడ్డలే అడిగి వ్రాసిరి. హెలెన్ ఎప్‌స్టీన్ అను నామె తనవంటి సంతానముతో మాటలాడి 1979లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆర్ట్ స్పీగెల్‌మాన్ తన తండ్రి చెప్పిన కథను బొమ్మలతో వ్రాసి 1992లో పులిట్జర్ బహుమానమును పొందెను. అతని తల్లియు తన కష్టములను వ్రాసియుంచెను గాని, ఆమె మరణించిన పిదప భర్త ఆ పుస్తకములను తగులబెట్టెను. తండ్రి మాట లోకమునకు దక్కినది. తల్లి మాట బూడిదయైనది.

మన రాజ్యపు కల్లోలమును ఆ మహాసంహారముతో సరితూచుట మా యుద్దేశము కాదు. అయినను ఇండ్లలోని మౌనము మనకును క్రొత్త గాదు. 1948 ఆగస్టు 27న రజాకార్లు భైరాన్‌పల్లిపై బడి గ్రామస్థులను కాల్చి చంపిరి. సెప్టెంబరు 13న భారతసేనలు ప్రవేశించెను. 17న నిజాము లొంగిపోయెను. ఆ దినములలోను, తరువాతను, ఎందరో ముసల్మానులు హతులైరి. పండిత సుందర్‌లాల్ సంఘమువారు మృతులను 27 వేలనుండి 40 వేలవరకు అంచనా వేసిరి. ఆ నివేదిక దశాబ్దములపాటు మరుగుననే యుండెను. ఇరువైపులను తల్లులు ఏడ్చిరి.

కొందరు పూనుకొనకపోలేదు. తెలంగాణా పోరాటములోని స్త్రీల మాటలను వారి నోటనే విని, నగరములోని స్త్రీశక్తి సంఘటనవారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించిరి. పోలీసుచర్యనాటి ముసల్మానుల జ్ఞాపకములపై అఫ్సర్ మహమ్మద్ గారి గ్రంథము 2023లో వచ్చినది. కాని ప్రతి యిల్లును ఒక గ్రంథములో ఇముడునా?

కావున సోదరీమణులారా, మనమే వ్రాయవలెను. 1948లో పదేండ్ల బాలిక 2028 నాటికి తొంబదియేండ్ల వృద్ధ యగును. మధ్యాహ్నము పనులు తీరినపిదప అవ్వచెంత కూర్చుండుడు. పెద్ద ప్రశ్నలు వలదు. “నాంపల్లి స్టేషనులో దిగినప్పుడు నీచేత నేమున్నది? ఆ రాత్రి పొయ్యి వెలిగినదా? ఎవరి యింట దాచిరి?” అని యడుగుడు. తెలుగైనను, ఉరుదైనను, ఆమె పలికినట్లే వ్రాయుడు, మెరుగులు దిద్దవలదు. ఆమె యాగినచోట బలవంతపెట్టక, ఇచ్చట ఊరకుండెనని మాత్రము వ్రాయుడు. ఆమె యనుమతి లేక పరులకు చూపవలదు. ఆశ్రయమిచ్చిన అన్యమతస్థుని మేలును, మనవారు చేసిన కీడున్నచో దానినిగూడ, దాచక వ్రాయుడు. పెట్టె యడుగున హాలీసిక్కా నాణెముగాని, నిజాము తపాలాబిళ్ల యంటించిన యుత్తరముగాని యున్నచో ఆ పుస్తకముతోనే భద్రపరచుడు.

పట్టుచీరలకు ఏటేట నీరెండ చూపి కాపాడుకొనుచున్నాము. అవ్వ మాటకొక నోటుపుస్తకమైన నీయలేమా?