ఆ మంట ఎందుకు వెలిగించారు?



ఈ మధ్య ఒక తల్లి మా ఇంటికి వచ్చి, "అయ్యా, మావాడు పై చదువుకని పరదేశం పోతున్నాడు. అక్కడికి పోయి గుడి మరచిపోతాడేమోనని గుబులుగా ఉంది. వానికి రెండు మంచి మాటలు చెప్పండి" అని అడిగింది. ఆ బిడ్డకు చెప్పకముందు మా సంగతి మేము ఒప్పుకొనవలసి వచ్చింది. ఆమెకు చెప్పినదే ఈ నెల మీకును చెప్పుచున్నాము.

మేము పుట్టి పెరిగినది రాజంపేట దగ్గర, చెయ్యేటి ఒడ్డున ఒక చిన్న పల్లెలో. 2015లో ఇంజనీరింగు పై చదువు నిమిత్తము ఇటలీ దేశములోని తూరినో పట్టణమునకు వెళ్ళాము. బయలుదేరిన దినమున నాయన మా పెట్టెలో బట్టల మీద బైబిలు పెట్టి, "ఆదివారం మాత్రం మానొద్దు" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు.

మొదటి రెండు ఆదివారములు ఆరాధనకు వెళ్ళాము. భాష తెలియలేదు. తరువాత చలి వచ్చింది, పరీక్షలు వచ్చాయి. శనివారము రాత్రి ఒక హోటలులో పళ్ళెములు కడిగే పని దొరికింది. ఆదివారము నిద్రకు మిగిలింది. నాయన మన గుడిలో ఆరాధన ముగియగానే ఫోను చేసి, "గుడికి పోయినావా?" అని అడిగేవాడు. "పోయినాను నాయనా" అనేవారము. మొదటిసారి ఆ అబద్ధము చెప్పుటకు నోరు రాలేదు. నాలుగవసారి సులువుగానే వచ్చింది.

ఇట్లు నెలలు గడిచాయి. 2016 ఫిబ్రవరిలో మాతో చదివే ఒక విద్యార్థి, "రేపు సాయంకాలము మా ఊరిలో పండుగ, రమ్ము" అని పిలిచాడు. ఇటలీలో పండుగ అనగానే పరిశుద్ధుల విగ్రహములను భుజములమీద మోసికొనిపోవు ఊరేగింపులే మాకు తెలుసు. అతడు నవ్వి, "మా పండుగలో విగ్రహము ఉండదు, మంట ఉంటుంది" అన్నాడు. వేడి భోజనము దొరుకుతుంది గదా అని వెళ్ళాము. ఇదే నిజము.

తూరినో నుండి పినెరోలో వరకు రైలు, అక్కడనుండి తోర్రె పెల్లిచె అను ఊరికి బస్సు. ఆల్ప్సు కొండల నడుమ లోయలో ఉన్న ఊరు అది. ఇటలీ దేశమంతయు కాథలిక్కులే అనుకొన్న మాకు అక్కడ వాల్డెన్సీయులు అను ప్రొటెస్టంటు ప్రజలు కనబడ్డారు. ఆ సాయంకాలము పిల్లలు, పెద్దలు దివిటీలు పట్టుకొని ఊరి వెలుపలకు నడిచారు. అక్కడ ఎండుకట్టెలు, కొమ్మలు మనిషి ఎత్తుకు మించి పేర్చారు. మన భోగిమంట జ్ఞాపకము వచ్చింది. మంట అంటించగానే అందరు కలిసి ఒక కీర్తన పాడారు. తలయెత్తి చూచితే ఎదుటి కొండమీద ఒక మంట, దాని పైన ఇంకొకటి, దూరముగా మరి రెండు. చీకటి లోయ చుట్టు నిప్పులు నక్షత్రములవలె నిలిచాయి.

ఆ మంటల వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. పన్నెండవ శతాబ్దములో ఫ్రాన్సు దేశమందలి లియోను పట్టణములో వాల్డో అను వర్తకుడు తన ఆస్తి బీదలకు పంచి, సామాన్య జనుల భాషలోనికి లేఖన భాగములు తర్జుమా చేయించాడు. ఆయన వెంబడించినవారిని 1184లో సంఘమునుండి వెలివేశారు. వారు చెదరిపోయి కొందరు ఈ కొండలలో దాగుకొన్నారు. 1532లో వారు సంస్కరణోద్యమముతో కలిశారు. 1655లో ఈ లోయలలో గొప్ప మారణహోమము జరిగింది. 1686లో వేలమందిని చెరలో వేశారు. బ్రదికినవారిని స్విట్జర్లాండుకు వెళ్ళగొట్టారు. మూడు సంవత్సరముల తరువాత, 1689లో, దాదాపు వెయ్యిమంది పురుషులు మంచుకొండలు దాటి నడిచి తమ ఊళ్ళకు తిరిగి వచ్చారు.

తిరిగి వచ్చినను స్వేచ్ఛ రాలేదు. లోయల వెలుపల భూమి కొనరాదు, ప్రభుత్వ ఉద్యోగము చేయరాదు, విశ్వవిద్యాలయములో చదువరాదు. నెపోలియను పాలనలో దొరికిన స్వేచ్ఛ 1814లో పాత రాజులు తిరిగి రాగానే పోయింది. వాటర్లూ యుద్ధములో ఒక కాలు పోగొట్టుకొనిన బెక్విత్ అను ఆంగ్ల సైనికాధికారి ఆ లోయలకు వచ్చి, పల్లె పల్లెకు ఒకటి చొప్పున నూరుకు పైగా చిన్న బడులు కట్టించుటకు సహాయము చేశాడు. తుదకు 1848 ఫిబ్రవరి 17న రాజైన కార్లో ఆల్బెర్తో వారికి పౌరహక్కులు ఇచ్చుచు ఉత్తరువు మీద సంతకము చేశాడు. ఆ వార్త లోయలకు చేరగా జనులు కొండనుండి కొండకు మంటలు వెలిగించి తెలుపుకొన్నారని చెప్పుకొంటారు. నేటికిని ఫిబ్రవరి 16 సాయంకాలము మంట, 17న ఆరాధన, అందరు కలిసి భోజనము.

ఒక సంగతి గమనించండి. ఆ ఉత్తరువు పౌరహక్కులు ఇచ్చినది గాని, వారి ఆరాధన విషయములో ఏ మార్పును లేదని అందులోనే వ్రాసి ఉన్నది. అనగా దొరికినది సగమే. ఆ సగమునకే వారు దేవునికి స్తోత్రము చెల్లించారు, మిగిలిన సగము కొరకు అడుగుట మానలేదు. ఇటలీ ప్రభుత్వముతో వారి సంఘమునకు ఒప్పందము 1984లో గాని కుదరలేదు. 2015 జూన్‌లో పోపు ఫ్రాన్సిస్ తూరినోలోని వారి మందిరమునకు వచ్చి, గతములో తమ సంఘము చేసిన క్రూరత్వమునకు క్షమాపణ అడిగాడు. కాబట్టి ఆ మంట ఎవరిమీది పగతోను మండుట లేదు.

మంట దగ్గర మా స్నేహితుని నాన్నమ్మ మా ప్రక్కన నిలిచింది. ఆమె మాటలు అతడు తర్జుమా చేశాడు. "1848కి ముందు మావారు మీరిద్దరు కూర్చున్నట్లు పెద్ద చదువుకు కూర్చోలేకపోయారు. అందుకే వీడు పట్టము తీసుకొనే దినము నాకు పండుగే" అన్నది. తరువాత మా ముఖము చూచి, "నీవును మావంటి సంఘము బిడ్డవేనట గదా. మీ ఇంటిలో మొదట అక్షరము నేర్చినది ఎవరు? ఎట్లు నేర్చారు?" అని అడిగింది.

మాకు తెలియలేదు. ఏడు వందల యేండ్ల సంగతులు ఆ ఊరి పిల్లలకు నాలుక చివర ఉన్నవి. మా సొంత ఇంటి సంగతి మాకు తెలియదు. సిగ్గుతో ప్రక్కకు పోయి నాయనకు ఫోను చేశాము. మన దేశములో అప్పటికి అర్ధరాత్రి దాటింది.

"ఏమైందిరా?" అన్నాడు కంగారుగా.

"ఏమీ కాలేదు నాయనా. నేను నెలలుగా గుడికి పోలేదు. పోయినానని అబద్ధం చెప్పినాను."

కొంతసేపు మాట లేదు. తరువాత, "తెలుసురా. ఇక్కడ ఒంటిగంట అయితే మీకు ఎనిమిదిన్నర అని నువ్వే చెప్తివి. పొద్దున ఎనిమిదిన్నరకే ఆరాధన అయిపోయే గుడి ఏ దేశంలో ఉంది?" అన్నాడు.

"తెలిసీ ఎందుకు అడుగుతాంటివి?"

"ఏదో ఒక వారం నిజం చెప్తావని."

మేము ఏడ్చాము. ఏడ్పు తగ్గిన తరువాత ఆ ముసలితల్లి ప్రశ్న నాయనను అడిగాము. ఆయన చెప్పినది మా జీవితములో మొదటిసారి విన్నాము. "మా అబ్బను ఊరి బళ్లో కూర్చోనీలేదు. బయట అరుగు కింద నిలబడి విన్నాడు. అక్కడనుంచీ తరిమినారు. మిషనువాళ్ళు మన పల్లెలో రాత్రిబడి పెట్టినాక, పగలు పశువులు కాసి, రాత్రి లాంతరు ముందర పలక పట్టినాడు. మన ఇంట్లో బైబిలు చదువుడు ఆయనతోనే మొదలైంది."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"అవమానాలు బిడ్డలకెందుకులే అనుకున్నా."

ప్రియులారా, మన తప్పు ఇక్కడే ఉన్నది. లండన్ మిషనువారు కడపలో పని మొదలుపెట్టినది 1822లో. 1876-78 నాటి ధాత కరువులో మన సీమలో ఎందరో ఆకలితో, కన్నీటితో సంఘములోనికి వచ్చారు. ఊరి బావి, ఊరి బడి మనలో అనేకులకు మూయబడియుండెను. ఆ సంగతులు మన పెద్దలు సిగ్గుచేత దాచారు. వాల్డెన్సీయులు మాత్రము చెరను, పారిపోవుటను, ఆకలిని దాచక, సంతోషముతో కలిపి మంటయొద్ద పిల్లలకు చెప్పుచున్నారు. అవమానము వారిది కాదు, అవమానించినవారిది. ఇశ్రాయేలీయులు యొర్దానులోనుండి పండ్రెండు రాళ్ళు తెచ్చి నిలువబెట్టినది ఎందుకు? రేపు పిల్లలు అడుగుదురని, అడిగినప్పుడు చెప్పవలెనని. యెహోషువ నాలుగవ అధ్యాయము ఈ మాసము కుటుంబ ప్రార్థనలో చదువుకొనండి.

మరునాడు ఫిబ్రవరి 17. తోర్రె పెల్లిచె మందిరములో ఆరాధనకు కూర్చున్నాము. స్త్రీలు కొందరు పాతకాలపు తెల్లని టోపీలు, శాలువలు ధరించి వచ్చారు. ప్రసంగము ఒక్క ముక్క అర్థము కాలేదు. అయినను ముగియువరకు లేవలేదు. అది మొదలుకొని తూరినోలో మేము ఆదివారము మానలేదు. నాయన కూడ "పోయినావా?" అని మరల అడుగలేదు. "ఈ వారం ఎవరెవరు వచ్చిరి?" అని అడిగేవాడు.

అందుకే ఆ తల్లితో ఇట్లన్నాము: "అమ్మా, నీ బిడ్డకు మా మాటలు వద్దు. బయలుదేరకముందు ఒక రాత్రి వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ ఇంటిలో మొదట అక్షరము దిద్దినది ఎవరో, దానికి ఎంత వెల చెల్లించారో చెప్పు. ఏడ్పు వచ్చినను ఆపక చెప్పు."

ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, "మా జేజి కథ ఉందయ్యా" అన్నది.

మీ ఇంటిలో ఎవరి కథ ఉన్నది? ఈ నెలలోనే చెప్పండి. ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక.