ఆటస్థలమున ఆశ్రితపక్షపాతము

సాఫ్ట్‌బాల్ ఆటలో మైదానమున నిలుచువారు తొమ్మండుగురు. పదవ బాలిక కూర్చుండక తప్పదు. ఇందు అన్యాయమేమియు లేదు. కాని ఆ పదవ బాలిక యెవరన్నది బంతి విసరు నేర్పునుబట్టి కాక, తండ్రి యుద్యోగమునుబట్టియు, శిక్షకుని చుట్టఱికమునుబట్టియు నిర్ణయమగుచుండిన, దానిని మేము ఆట యనజాలము.

ఇది మన దేశముననే పుట్టిన రోగము కాదు. ఈ ఆట 1887లో చికాగో నగరమున పుట్టినది. అమెరికాలో పిల్లల జట్లకు తఱచుగా తల్లిదండ్రులే శిక్షకులు; తమ బిడ్డలను ముందునకు త్రోయుట యచ్చట నెంత సాధారణమనగా, దానికి ‘నాన్నగారి ఆట’ యను ఎగతాళి పేరే కలదు. అయినను వారు నిట్టూర్పులతో సరిపుచ్చుకొనలేదు. 1974లో బాలికల సాఫ్ట్‌బాల్‌ను చేపట్టిన లిటిల్ లీగ్ సంస్థవారి నిబంధన ప్రకారము, పిల్లల జట్టులోని ప్రతి బిడ్డయు ప్రతి పోటీయందును కొంతసేపు మైదానమున నిలువవలెను. ఒక్కమాఱైనను బ్యాటు పట్టవలెను. శిక్షకుని మనస్సు మాఱువఱకు కాచుకొనియుండక, అతని చేతులనే కట్టివేసిరి.

మన యొద్ద సంగతి యింకను గంభీరము. జిల్లా జట్టునకు ఎన్నికైన బాలికకు లభించు యోగ్యతాపత్రము ఒట్టి కాగితము కాదు. మీదిమెట్టు పోటీలకు దారి, కళాశాలకును ఉద్యోగమునకును క్రీడాకోటా వాకిలి. కావున ఎంపికనాటి పక్షపాతము ఒకపూట ఆటను గాక, కూలివాని కూతురి బ్రతుకుదెరువునే అపహరింపగలదు. నోరు విప్పినచో మఱుసటియేట అసలే పిలువరను భయము తల్లిదండ్రులను మూగవారిని చేయుచున్నది. ఆ భయము నిరాధారమని మేము చెప్పజాలము.

శిక్షకులందఱిని నిందించుట మా యభిమతము కాదు. సొంత సొమ్ముతో బంతులు కొని, యెండలో నిలిచి నేర్పు వ్యాయామోపాధ్యాయులు మన పల్లెలలో నున్నారు. పక్షపాతి వారికిని శత్రువే.

2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టమును చేసి, వివాదములకొక ట్రిబ్యునల్‌ను విధించినది. మంచిదే. కాని మండలపు జట్టున చోటు దక్కని పదునాలుగేండ్ల పిల్ల ఢిల్లీకి పోగలదా? ఆమెకు న్యాయము ఊరి మైదానముననే దొరకవలెను. ఎంపికకు ముగ్గురు కూర్చుండవలెను. తన బంధువు బరిలోనున్నప్పుడు శిక్షకుడు తొలగవలెను. విసరుట, పట్టుట, కొట్టుట, పరుగెత్తుట—వీని మార్కులు ఆనాటి సాయంకాలమే పాఠశాల గోడపై అంటింపవలెను. తల్లిదండ్రులు ఒంటరిగా గాక పదిమంది చేరి, వ్రాతమూలముగా ప్రధానోపాధ్యాయుని అడుగవలెను. అరుపులు, కేకలు వలదు. ఆ గోడమీది కాగితమును చూపుమని యడిగిన చాలును.